పేరు గడి

ఒహాయోలో సోయా చేను వెనక మడుగు.
లొరీన్ ఒళ్ళో నోటుబుక్కు:
తేదీ, ఎర, పొడవు, పేరు.

గాలం కొసన అరచేతంత చేప.
"బ్లూగిల్లే," అన్నాడు ఓర్విల్,
"చెవి రేకు నలుపు చూడు."
"అంచున పసుపుందిగా! ఆ నోరు చూడు,
గ్రీన్ సన్‌ఫిష్‌ది."
"మరి వీపు రెక్క చివర ఈ మచ్చో?"

బుగ్గ మీద నీలి గీతలు,
పెన్ను రాస్తుందో లేదో చూసుకున్నట్టు.

"రెండిటి పిల్లేమో..."
ఇద్దరూ వాదిస్తుంటే
అది ఉన్న ఒక్క నోటితో
గాలిని నములుతోంది.

"అయ్యో, నీళ్ళు!"
ఓర్విల్ వంగాడు.
వేళ్ళ సందున చల్లగా ఒక తన్ను,
అంతే.

జూన్ తొమ్మిది. వానపాము. ఆరున్నర అంగుళాలు.
పేరు గడిలో ఒక పొలుసు
తడిగా అతుక్కుపోయింది.
లొరీన్ దాన్ని గీకలేదు.