ఇరవై రెండుంబావు

ఆమె తల చుట్టుకొలత ఇరవై రెండుంబావు అంగుళాలు.
ముప్పై ఒక్క ఏళ్లలో మారనిది అదొక్కటే.
విగ్గుల పుస్తకంలో డోరెట్టా వోయ్‌చెక్ అని రాసుకున్నాను,
తెరమీద మాత్రం డోరా వేన్.
టొలీడో గాజు ఫ్యాక్టరీ కూలీల ఇంటిపేరు
టైటిల్స్‌లో పట్టదన్నాడట మొదటి ఏజెంటు.

మొదటి విగ్గు ఎర్రది.
బర్‌బ్యాంక్‌లో ఆరో స్టేజి, తెల్లవారుజాము నాలుగున్నర,
శవం వేషం.
డిటెక్టివులిద్దరూ ఆమె మీదుగా
కాఫీ కప్పులు అందించుకుంటూ జోకులేసుకునే సీను.
నలభై సెకన్లు ఊపిరి బిగబట్టాలి.
ఏడో టేకులో ఈగొచ్చి పెదవి మీద వాలింది.
ఆమె కదల్లేదు.
"ఈ పిల్లకి పనొచ్చు" అన్నాడు డైరెక్టరు.
చచ్చినట్టు పడుండటం కూడా పనేనని
నాకప్పుడే తెలిసింది.

తర్వాత హోటల్లో కాఫీ పోసే మనిషి: గోధుమరంగు, పిన్నులు తొమ్మిది.
పొరుగింటావిడ.
బ్యాంకులో బందీ. ఇంకో బ్యాంకులో ఇంకో బందీ.
ఫోనులో గొంతు మాత్రమే వినబడే
హీరోగారి విడాకుల భార్య.
దానికి విగ్గు అక్కర్లేదు,
అయినా వచ్చి నా కుర్చీలో కూర్చుంది.
"దువ్వు, గొంతు సరిగ్గా వస్తుంది" అంది.

పదమూడేళ్లు ఆస్పత్రి సీరియల్లో నర్సు మార్గో.
మధ్యాహ్నం రెండింటికి దేశం బట్టలు మడతపెట్టుకుంటూ చూసేది.
నర్సు మార్గోకి కవలలు పుట్టారు, ఒకడు తప్పిపోయాడు,
మతిమరుపొచ్చింది, తగ్గింది,
లిఫ్టు తెగి చచ్చిపోయింది.
ఆమె జీతం పెంచమని అడిగిన వారమే తెగింది లిఫ్టు.
రెండేళ్లకి రేటింగు పడిపోతే
అందులో ఉన్నది చెల్లెలని తేల్చారు.
బీరువాలోంచి పాత విగ్గు తీసి దులిపాను.
"పైదాకా వెళ్లొచ్చాను కదా,
నాలుగు తెల్ల వెంట్రుకలు కలుపు" అంది.

టేపు ముక్క గురించి కూడా చెప్పాలి.
నిలబడాల్సిన చోట నేలకి అంటిస్తారు,
ఒక్కొక్కరికి ఒక్కో రంగు. ఆమెది ఆకుపచ్చ.
కిందికి చూడకుండా అక్కడికి చేరాలి,
చూస్తే సీను పోతుంది.
బొటనవేలితో వెతుక్కునేది, చెప్పు లోపల్నుంచే,
చీకట్లో గోడమీద స్విచ్చిని తడుముకున్నట్టు.

నలభై ఏడు దాటాక ఫోను మోగడం తగ్గింది.
పోస్టులో చెక్కులు మాత్రం వచ్చేవి.
ఏ దేశంలోనో ఏ అర్ధరాత్రో
ఆ ఎర్రజుట్టు శవాన్ని మళ్లీ వేస్తే
పదకొండు సెంట్లు.
కవరు మీది స్టాంపు అంతకన్నా ఖరీదు.
మార్చుకోలేదు. పారెయ్యనూ లేదు.
వాన్ నైస్‌లో తన వంటింట్లో
ఊగే బల్ల కాలికింద మడిచి పెట్టింది.
"నా కెరీరు ఒక బల్లనైనా నిలబెట్టింది" అనేది.
బల్ల ఇప్పటికీ కొంచెం ఊగుతుంది.

కిందటి నవంబరులో జడ్జి వేషం.
తలుపు తీసుకుని వచ్చి పీఠం దగ్గర ఆగాలి.
ఒకే డైలాగు: "అభ్యంతరం చెల్లదు."
విగ్గు తెల్లది. నాకు పిన్నులు కనబడటం లేదు,
వేళ్లతోనే పెట్టాను.
ఆమెకి షుగరు, పాదాల్లో స్పర్శ పోయిందని
నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.
మొదటి టేకు, గుర్తు దాటి రెండడుగులు.
రెండో టేకు, ఇవతలే ఆగిపోయింది.
కుర్రాళ్లు ఫోన్లలో టైము చూసుకున్నారు.

కెమెరా అసిస్టెంటు పిల్ల యెసేనియా,
ఇరవై మూడుండవు,
ఎవరూ చెప్పకుండానే వచ్చి
ఆకుపచ్చ టేపు మీద చిన్న ఇసుక సంచి పెట్టి
ఏదో లెన్సు తుడవాలన్నట్టు వెళ్లిపోయింది.

మూడో టేకు.
డోరెట్టా ఎదురుగా చూస్తూ నడిచింది.
చెప్పు ముక్కు సంచికి తగిలింది. ఆగింది.
"అభ్యంతరం చెల్లదు."

ఎడిటింగులో ఆ సీను ఉంటుందో పోతుందో.
నేను విగ్గు కడిగి బొమ్మతలకి తొడిగాను.
బొమ్మతల ఇరవై రెండు అంగుళాలే.
ఆ పావు దగ్గర
ఎప్పుడూ ఒక గుండుసూది గుచ్చాల్సొస్తుంది.