అడ్డం పదకొండు

పెన్‌డ్రైవ్ గుచ్చంగనే
మెషిన్ గొంతు సవరించుకుంటది.
అర్షియా మేడం కౌంటర్ మీద వేళ్ళతోని తాళమేసుకుంట
"యాభై రెండు కాపీలు, ఎల్లేశం.
నల్ల గళ్ళు నల్లగనే రావాలె" అంటది.

ముషీరాబాద్ సర్కారు బడిల తెలుగు చెప్తది ఆమె.
పిలగాండ్లంత ఒక్క నవల మీద పడ్డరట.
ఆరు వందల పేజీలు, మూడే పుస్తకాలు.
వంతుల మీద తిరిగి తిరిగి
అట్టలూడినయి, మూలలకు నూనె దేలింది,
రెక్కల పాము బొమ్మ మీద ఎవనిదో మామిడికాయ తొక్కు మరక.
ఇంకా వంతు రానోళ్ళకు ఊరడింపు
గీ గళ్ళ నుడికట్టు.

నేనా నవల సదవలేదు.
చిక్కడపల్లి లైబ్రరీ సందుల, మెట్ల కింద
నాకు దొరికేటివి ఆధారాలే.
నిలువు రెండు: రెక్కల పాము తాగేది, నీళ్ళు మాత్రం కాదు (2)
నిలువు ఆరు: మంచుకోట తాళంచెవిని కడుపుల దాచుకున్న పండు (4)
సీతాఫలమే అయ్యుంటది.
మంచుల సీతాఫలం ఎట్ల కాస్తదో నన్నడగొద్దు.
అడ్డం తొమ్మిది: యుద్ధాన్ని ఆపిన ముసలమ్మ చేతిలోది (3)
హాల్‌టికెట్లకూ ఆధార్‌లకూ నడుమ
ముక్కముక్కగ ఆ రాజ్యం నాకు తెలిసొచ్చింది,
బస్సు కిటికీల నుంచి పెండ్లి చూసినట్టు.

ఒకపారి అడిగిన,
"స్త్రీ అని రాయాల్నంటే ఎన్ని గళ్ళు మేడం?"
"ఒకటే. ఒత్తులన్నీ అండ్లనే సర్దుకోవాలె."
సకారం, తకారం, రకారం, నెత్తి మీద గుడిదీర్ఘం.
అచ్చం పార్శిగుట్టల మా అర్ర లెక్క.

పోయిన బేస్తారం టోనర్ కారి
ఒక కాపీ నడుమల నల్లచార పడ్డది.
పారెయ్యబుద్ధి కాలే.
రాత్రి షట్టర్ సగం దించి
కస్టమర్ మరిచిపోయిన పెన్నుతోని కూసున్న.

అడ్డం పదకొండు:
కోటలో అందరి గుట్టూ ఎరుకే, నోరు మాత్రం విప్పడు (3)
మొదటి రెండు గళ్ళకు నిలువు ఆసరా లేదు.
మూడోదాంట్ల 'లి'.
ఆడికెల్లి కిందికి 'లిపి' దిగింది.
నా చెయ్యి ఆగలేదు.
చాకలి.

మా అమ్మ మూటలిప్పుతుంటె చూసినోణ్ణి.
ఏ దొరసాని దిండు గలేబు ఉప్పుదేలిందో,
ఏ వకీలు సారు అంగీ మీద ఎవరి కుంకుమో,
ఎవరింటి మూటల నుంచి
పసిపిల్ల బట్టలు రావుడు ఒక్కపారే బందయిందో.
ఆ మూట ముంగట అమ్మ జరసేపు ఊకె కూసుండె.
ఆ తర్వాత సోడా, బండ, ఎండ.
అంగీ కాలరు లోపట ఇంటికో గుర్తు,
మూడు చుక్కలు వకీలుది, కత్తెర గీత డాక్టరమ్మది.
అక్షరం రాని అమ్మకు
అదే లిపి.

ఈ బేస్తారం మేడం ఆ కాగితం చూసింది.
"కావలి కదా ఎల్లేశం?
మంచుతలుపు కాడ నిలబడే ముసలాయన.
ఆఖరి అధ్యాయం దాంక ఒక్క మాట మాట్లాడడు."
వేలు పెట్టి గళ్ళు లెక్కపెట్టింది.
కా, వ. చా, క.
మళ్ళా ఒకపారి లెక్కపెట్టింది.
"పట్టింది గని" అన్నది.
"తప్పే గద మేడం."
ఆమె జవాబుల కాగితం తీసి
పదకొండు పక్కన ఏందో రాసుకున్నది.
నాకు చూపెట్టలే.
"ఇది గూడ యాభై రెండా?"
"ఒక్కటి చాలు."

ఆమె వెనక వరుసల ఒక అన్న,
దవాఖాన కాగితం, నాలుగు మడతలు.
ఇంట్ల ఎవ్వరికీ చూపెట్టనట్టుంది, మడతలు ఇంకా కొత్తగనే ఉన్నయి.
అద్దం మీద బోర్లేసిన.
పచ్చటి వెలుగు ఈ కొస నుంచి ఆ కొసకు పాకింది.
"రెండు కాపీలు, నాలుగు రూపాయలు."
ఆయన నా మొకం దిక్కు చూసిండు.
నేను చిల్లర లెక్కపెట్టిన.

ఎల్లేశం అంటే గూడ మూడు గళ్ళే.
కాకుంటే ఆఖర్న 'లి' రాదు.