ముడి

ఉమ్ అల్ కువైన్‌లో సముద్రం
ఆరు నిమిషాలకోసారి నాకు తన ఎత్తు చెబుతుంది.
రోజుకు రెండువందల నలభై చుక్కలు.
ఏసీలు బాగుచేసే దుకాణం పైన, మొదటి అంతస్తులో
నేను వాటిని గీతగా చూస్తాను,
కుదరని చోట సర్దుతాను.

పెద్ద పనేం కాదు.
తప్పు చుక్కను మౌస్‌తో పట్టి
పక్కవాటి వరుసలోకి లాగాలి.
మరీ మొండిదైతే చుట్టూ పెట్టె గీసి తుడిచెయ్యాలి.
ఖాళీ పడితే సాఫ్ట్‌వేర్ అడుగుతుంది: కలపనా?
కలుపు, అంటాను.
నీలం గీత ఆ కొస నుంచి ఈ కొసకు దూకుతుంది.
అడుగున బూడిదరంగులో అసలుది అట్లాగే ఉంటుంది,
దాన్నెవరూ ముట్టుకోలేరు.
ముడి డేటా అంటాం.

నాకు ముడి అంటే వేరే.
సిరిసిల్లలో మా మేనత్త లస్మవ్వ
సాంచెల మోతలో పడుగు తెగినచోట
రెండు కొసల్ని ఉమ్మితో తడిపి
వేళ్ల మధ్య ఒక్క మెలిక తిప్పి వదిలేది.
బట్ట మీద నా చెయ్యి పెట్టి
యాడుందో చెప్పురా, అనేది.
చెప్పలేకపోయేవాణ్ణి.
ముడి తెలిస్తే కూలి కోస్తరు, అనేది.

మూడేళ్లుగా ఒక్కటే సతాయింపు.
తెల్లవారుజామున నాలుగూ నలభై ప్రాంతంలో
నీళ్లు ఉన్నట్టుండి నాలుగు సెంటీమీటర్లు లేచేవి.
పన్నెండు నిమిషాలు. మళ్లీ ఏమీ ఎరగనట్టు.
శుక్రవారం మాత్రం ఉండదు.
చంద్రుడికి శుక్రవారం సెలవు లేదు కదా
అని ఒకరోజు ఖోర్ ఒడ్డుకు పోయాను.

కొలత గొట్టం పక్కన ఇనుప స్తంభానికి పడవ కట్టేసి
తొఫజ్జల్ వలలు సర్దుకుంటున్నాడు.
చిట్టగాంగ్ వైపు మనిషి. తడిసిన లుంగీ.
ఇక్కడ కట్టకు భాయ్, సముద్రం లెక్క తప్పుతోంది, అన్నాను.
నీళ్లను చూశాడు, నన్ను చూశాడు.
ఎంత తప్పుతోంది?
రెండు వేళ్లు చూపించాను.
నవ్వీ నవ్వీ, రెండు షేరీ చేపలు సంచిలో వేసిచ్చాడు.
వెనక్కొచ్చి కారణం గడిలో 'అలజడి' కొట్టాను.
కోడ్ నాలుగు.

ఆ తర్వాత గీతలోనే మనిషి తెలిసేవాడు.
వంజరం పడే రోజుల్లో మూడున్నరకే.
పొగమంచుంటే ఆరు దాటాక.
రంజాన్‌లో సహరీ ముగిసిన కాసేపటికి.
ఎప్పుడొచ్చినా నేను అతని రాకను పట్టుకుని
రెండు వేళ్లు కిందికి దించేవాణ్ణి.
తొమ్మిదివందల చిల్లర పొద్దులు.
చెయ్యి పెట్టి చూసినా దొరకవు.

ఆగస్టు పదకొండు నుంచి గీత నున్నగా ఉంది.
ఇంజనీర్ నిదాల్ నా భుజం మీదుగా వంగి
సెన్సర్ బాగుపడిందే, అన్నాడు.
అవును సార్, అన్నాను.

స్తంభం మీద తాడు ఒరిసి ఒరిసి
తుప్పు పోయినచోట జానెడు మెరుపు.
పడవ ఇసుకలో బోర్లా.
అడిగితే ఒకడు వీసా అన్నాడు,
ఒకడు నడుంనొప్పి అన్నాడు,
ఇంకొకడు ఏ తొఫజ్జల్, అన్నాడు.

ఇవాళ అందరూ పోయాక ముడి ఫైలు తెరిచాను.
అన్నీ ఉన్నాయి, పొద్దుకో గూను.
నేను దించినవేవీ అక్కడ దిగలేదు.
అత్తా, ఇప్పుడైతే వేలు పెట్టి చూపిస్తాను.

ఎందుకో మరి, ఈరోజు గీతలోకి వచ్చి
నాలుగూ నలభై రెండు చుక్కను పట్టి
పైకెత్తాను. రెండు వేళ్లు.
దాని పక్కదాన్ని కూడా.
వేలు తీస్తే అక్కడే నిలిచిపోతుంది.
తీయకుండా కూర్చున్నాను.

గది నుంచి మల్లేశం ఫోన్:
ఉల్లిగడ్డలు ఇయ్యాల నీ వంతు,
కిలో కాదు, రెండు తే.