పదిహేడో నంబరు

పోర్టు నుంచి గాలి ఇటు మళ్లితే
మా ల్యాబు కిటికీ ఊచల మీద ఎర్రటి దుమ్ము.
వేలితో తుడిస్తే ఇనుము.
ఓడలకొద్దీ ఇనుము దాటిపోయే ఈ రేవులో
చెంచాడు నీళ్లల్లో లక్షలమంది
ఇనుము లేక నకనకలాడుతున్నారు.

కరగదు కదా, అదీ సంగతి.
అందుకే కొందరు ఒంట్లోనే వల అల్లి బయటికి విసురుతారు.
చిక్కిన ఒక్క అణువుతో వల తేలి వస్తుంది.
గోడలో పీపాలాంటి ద్వారం, నడుమ బిరడా.
వలని తడిమి, తనదేనని తేలాక
లోపొర నుంచి ఒక చెయ్యి చాచుకుని
బిరడాని లాగుతుంది.
ఊరికే కాదు, ప్రతి లాగుకీ సత్తువ ఖర్చు.

నీలం ప్లేటులో, వల విసిరినవాళ్ల చుట్టూ
నారింజరంగు వలయం.
పదిహేడో నంబరు చుట్టూ ఏమీ లేదు.
అయినా పక్కదాని నీడన నున్నగా పెరిగింది.
వల లేదు. ద్వారం మాత్రం ఉంది,
ఇరుగుపొరుగు వలలన్నిటికీ సరిపడేది.

"మోసగత్తె అని రాయి నూకరత్నం,
పేపర్లలో అందరూ వాడే మాటే" అన్నారు సునంద మేడం.

రాయబోయి ఆగాను.
జాలారిపేట ఒడ్డున అలివి వల లాగేరోజు
తాడు ముట్టని పోలమ్మప్ప కూడా
బుట్ట పట్టుకుని నిలబడేది.
మా అయ్య లెక్క చూడకుండా
రెండు దోసిళ్ల కవ్వళ్లు పోసేవాడు.
ఆవిడని ఏమనాలో
మా పేటలో ఎవరి దగ్గరా మాట లేదు.

ఆ గడి ఖాళీగా ఉంచి
చేతులు కడుక్కున్నాను.
సింకులోకి ఎర్రనీళ్లు.