సోమనర్సయ్య గోడ

చండూరుల మునుగోడు తొవ్వకు
కల్లు కాంపౌండు ఎనుక గోడ ఉండె చూడు,
అది గోడ కాదు, ఖాతా బుక్కు.
సోమనర్సయ్య గౌడుకు చదువు రాదు,
బొగ్గు మాత్రం మంచిగొస్తది.
సీసకొక గీత.
నాలుగు గీతల మీద ఐదోది అడ్డం.
మరి పేరెట్ల రాస్తవే అంటే
పేరెందుకురా, మనిషి కనవడ్తలేడా అనేటోడు.

కొమరెల్లికి గొర్రె.
అది గొర్రె కంటె కుక్క తీరుగ ఉండె,
కొమరెల్లి అలిగి మూడొద్దులు రాలే.
నాలుగోనాడు దానికి రెండు కొమ్ములు వెట్టిండు,
పంచాయితి ఒడిసింది.
దర్జీ దస్తగిరికి కత్తెర.
వీరభద్రం సారుకు కండ్లద్దాలు.
సారు పొద్దుగూకినంక మఫ్లర్ చుట్టుకొని వస్తడు,
ఎవ్వరు గుర్తువట్టలేదనుకుంటడు.
గోడ మీదికెల్లి గుండ్రటి కండ్లు రెండు
ఆయన్నే చూస్తుంటయి.

పెంటయ్యకు గొడుగు.
ఎండైనా వానైనా చంకల నల్ల గొడుగు,
విప్పుడు మాత్రం లేదు.
తడుసుకుంట వస్తడు.
విప్పవేందే అంటే
కొత్తది, ఖరాబైతది అంటడు.
పన్నెండేండ్ల సంది కొత్తదే.

మా అవ్వ ఆ గోడ కిందనే గుడాలు అమ్మేది.
నేను ఉల్లిగడ్డ కోసుకుంట గీతలు లెక్కవెట్టేటోన్ని.
బడిల ఐదో ఎక్కం టకటక చెప్తే
ఎక్కడ నేర్చినవ్‌రా అన్నడు వీరభద్రం సారు.
చెప్పిన.
మల్ల అడగలే.

ఎలచ్చన్లొచ్చినయి.
రాత్రికి రాత్రి పిలగాండ్లు
గోడంత సున్నం కొట్టి
మీ అమూల్యమైన, దాక రాసి
రంగొడిసి పోయిండ్రు.
తెల్లారి మోకు భుజానేసుకొని వచ్చిన సోమనర్సయ్య
గోడ దిక్కు జూసి కూలవడ్డడు.
ముప్పై ఏండ్లల ఒక్కపారి తాడు మీదికెల్లి వడని మనిషి
నేల మీద నిలవడి వడ్డడు.

హోటల్ల ఆ పూట ఒక్కటే ముచ్చట,
సున్నం కొట్టినోనికి శాలువ కప్పాలె అని.

పొద్దుగూకినంక
అందరికంటె ముందు కొమరెల్లే వచ్చిండు.
నాయి ఇరువై రెండు అన్నడు.
ఇరువై నాలుగు అన్న నేను.
గొర్రె కొమ్ములు గూడ గీతల్ల కలిపితివారా
అని ఒక్కటే లొల్లి.
దస్తగిరి ఓ నాలుగు ఎక్కువే చెప్పిండు,
రేపు మల్ల అప్పు పుట్టాలె గద.
సారు రాలే. కవర్ల పైసలు వెట్టి పంపిండు.
కవరు మీద పేరు లేదు,
కండ్లద్దాలు గీసి ఉన్నయి.

అటెన్క సాయమ్మ వచ్చింది.
పెంటయ్య పోయి నాలుగు నెలలు.
ఆనాడు గూడ వానే.
పాడె మీద పక్కన గొడుగు వెట్టినం,
ఎవ్వనికీ విప్ప మనసు రాలే.

పోయినోని బాకీ పోయినట్టే సాయమ్మా,
సున్నం గూడ కొట్టిండ్రాయె, అన్నడు సోమనర్సయ్య.
ఆమె గోడ దిక్కే చూస్తున్నది.
ఇంట్ల ఫోటో లేదు గౌడా అన్నది.
ఆధారు కార్డుల మొఖం
ఆయనది కాదు, ఎవనిదో దొంగది.
మా ఆయన ఉన్నది ఈడ ఒక్కదిక్కే.

గుడాల గిన్నెల గంటె ఆగింది.

సోమనర్సయ్య పొయ్యిల బొగ్గు ఏరుకొచ్చి
అమూల్యమైన అక్షరాల మీదనే
గొడుగు గీసిండు.
చెయ్యి వణికింది.
వణికినందుకేమో
గొడుగు జర విప్పినట్టు వచ్చింది.
విప్పితివి గదయ్యా, ఖరాబైతది,
అని నవ్వింది సాయమ్మ,
కొంగు కండ్లకు అడ్డం వెట్టుకొని.

గీతలెన్నిరా అన్నడు నన్ను.
పదకొండు అన్న.
ఆమె కొంగుముడి విప్పి
పది సీసల పైసలు లెక్కవెట్టింది.
ఒక్కటి ఉంచు గౌడా,
బాకీ ఉన్నోడు
ఎన్నడన్న ఈ తొవ్వన రాకపోతడా.

ఆ ఎలచ్చన్ల ఎవలు గెలిచిండ్రో యాదికి లేదు.
గొడుగు ఉన్నది, కింద ఒక్క గీత.
వానకు చెదిరినప్పుడల్లా
సోమనర్సయ్య మల్ల దిద్దుతడు.

కొమరెల్లి మాత్రం ఇప్పటికీ
ఆ రెండు కొమ్ముల పైసలు ఇయ్యలే.