ఎడమ వైపు నీరు

జెల్లీ చల్లగా తగిలింది పొట్టకి.
అమలాపురంలో స్కానింగు గది,
ఆడో మగో అడగొద్దని గోడ మీద బోర్డు.
మేమేం అడగలేదు.
డాక్టరమ్మ చెయ్యి మాత్రం ఒకచోట ఆగింది.

కుడి కిడ్నీ చిక్కుడు గింజలా ఉంది, బాగుంది.
ఎడమది ఉబ్బింది. లోపల నల్లటి మడుగు.
ఆ తెర మీద నీళ్లెప్పుడూ నలుపేనట.
రెండు చుక్కల మధ్య గీత గీసి
"పన్నెండు మిల్లీమీటర్లు" అంది.
నేను నా బొటనవేలి గోరు చూసుకున్నాను.

మా ఆయన లాకుల దగ్గర లస్కరు.
"తూము దగ్గర ఇరుకు, ఎగువన నిలవ.
అంతేనా అండి?"
ఆవిడ రాత ఆపి చూసింది. "అంతే."
"గుర్రపుడెక్కయితే గెడేసి లాగేద్దునండి..."
మిగతాది మింగేశాడు.

ఉమ్మనీరు సరిపడా ఉందట, అదొక మంచి కబురు.
ఆ నీరు చాలామటుకు బిడ్డ పోసిందేనట.
ఇంటికొచ్చి చెబితే మా అత్త మాచరమ్మ
కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది,
ఆనక పెరట్లోకెళ్లి చాలాసేపు రాలేదు.

కొందరికి దానంతటదే సర్దుకుంటుందట.
కొందరికి పుట్టాక, కాకినాడలో, ఆపరేషను.
నాలుగు వారాలాగి మళ్లీ రమ్మన్నారు.

కాలవ కట్టేసిన రోజులివి.
అడుగున బురద పెంకులు పెంకులుగా లేచింది.
నీళ్లొదిలేది జూన్‌లో,
మా తారీఖూ అప్పుడే.

రాత్రిళ్లు నా పొట్టకి ఎడమ పక్క అరచెయ్యి ఆనిస్తాడు,
లాకు తలుపు మీద ఆనించినట్టు,
అవతల ఎంత నీరుందో వింటున్నట్టు.
బిడ్డ ఎడమా నా ఎడమా ఒకటి కాదయ్యా అన్నాను.

"తెలుసు" అన్నాడు.
చెయ్యి తియ్యలేదు.