క్రమసంఖ్య మూడువందల పద్దెనిమిది

చిట్టినగర్ కొండ మీద మా అంగన్‌వాడీకి
నూట అరవై రెండు మెట్లు.
ఓటరు స్లిప్పుల కట్ట చంకన పెట్టుకుని
నేనిది ఎక్కడం నాలుగోసారి.

మొదటి మూడుసార్లూ ఒకటే మాట:
"మళ్ళీ దానయ్యే కదమ్మా,
నేను దిగకపోతే గెలవడా?"
స్లిప్పు తీసుకుని చూరులో దోపేవాళ్ళు,
కరెంటు బిల్లు పక్కన.
సాయంత్రానికి నూటికి నలభై దాటితే
ప్రిసైడింగు ఆఫీసరు అందరికీ టీ తెప్పించేవాడు.

దానయ్య చెడ్డవాడని నేననను.
కొండకి నీళ్ళ మోటారు పెట్టించింది ఆయనే.
ఆ మోటారు గది తాళంచెవి
పదిహేనేళ్ళుగా వేలాడుతున్నదీ
ఆయన మొలతాడుకే.

ఈసారి వార్డు ఆడవాళ్ళకి పడింది.
జాబితా గోడకి అతికించిన రోజు
కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాడట.
భార్యని నిలబెడదామంటే
ఆవిడ "నాకు మోకాళ్ళు" అంది.
అంతే.

అప్పుడు చూడాలి కొండని!
ఇడ్లీబండి కోటరత్నం, టైలరు షమీమున్నీసా,
పేరే వినని ఇంకో ముగ్గురు.
గెలిచేదెవరో ఎవరికీ తెలీదు.
తెలీకపోవడంలో ఇంత సందడి ఉంటుందని
నాకూ తెలీదు.
మెట్టుమెట్టుకీ పేచీలు, పందేలు.
స్లిప్పు అందనివాళ్ళు
నన్నే వెతుక్కుంటూ వచ్చారు.

అందరూ కాదులే.
పైమెట్టు పాపాయమ్మ తలుపు సగమే తీసింది.
"కుర్చీలో కూచోబెట్టి
కుర్రాళ్ళతో దింపించేవాడు దానయ్య.
వీళ్ళలో నా పేరు తెలిసినవాళ్ళెవరే?"
నా చేతిలో స్లిప్పుంది. జవాబు లేదు.

పోలింగు రోజు, మూడు గంటల ఎండ.
కింద కుళాయి దాకా వరస.
వరసలో దానయ్య.
ఒకప్పుడు ఆయనొస్తే జనం పక్కకి జరిగేవాళ్ళు.
ఇవాళ ఎవరూ జరగలేదు.
కోపమేం కాదు,
ఎవరి ఎండ వాళ్ళకుంది.

నా బల్ల దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు,
"అమ్మా, నా నంబరెంత?"
ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు కాబోలు.
వెతికి రాసిచ్చాను. మూడువందల పద్దెనిమిది.
అరచేతిలో పెట్టుకుని లోపలికెళ్ళాడు.
ఒక ముద్ర వెయ్యడానికి
అంతసేపు ఎందుకు పట్టిందో మరి.

బయటికొచ్చి, సిరా ఆరని వేలు ఊదుకుంటూ,
"ఎంతయింది పోలింగు?" అన్నాడు.
"అరవై ఒకటి. ఇంకా వస్తున్నారు."
కాసేపాగాడు.
"నేను నిలబడ్డప్పుడు?"

స్లిప్పుల కట్టకి రబ్బరుబ్యాండు
ఎక్కడ పెట్టానో వెతుక్కున్నాను.